జ్వరమొస్తే సెలవు, డిప్రెషన్ వస్తే రాజీనామానా?

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన రాష్ట్రంలో మొదలైన కేసులోనే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది. తండ్రి పట్టు వదలకుండా పోరాడితే దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. కోర్టు అంతటితో ఆగలేదు. మానసిక ఆరోగ్యం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత కలిగిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని, హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా పెట్టాలని ఆదేశించింది.

మంచిదే. అయితే ఆ కాలేజీలో చదివిన పిల్లాడు రేపు పాసై మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో ఉద్యోగంలో చేరతాడు. మెడలో ఐడీ కార్డు పడిన రోజు నుంచి ఈ మార్గదర్శకాలు అతనికి వర్తించవు. వంద మంది ఉన్న కాలేజీకి కౌన్సెలర్ తప్పనిసరి, ఐదు వేల మంది ఉన్న ఆఫీసుకు మాత్రం యాజమాన్యం ఇష్టం. చదువుకునే పిల్లల మనసు గురించి దేశం ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది. అదే పిల్లలు సంపాదించడం మొదలుపెట్టగానే మనమంతా, ఇంట్లోవాళ్లతో సహా, మాట్లాడటం మానేస్తున్నాం.

ఇది చిన్న సమస్యేం కాదు. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ఏ జబ్బు అన్నదాన్ని బట్టి, వాళ్లలో 70 నుంచి 92 శాతం దాకా సరైన చికిత్స అందనివాళ్లే. డిప్రెషన్, ఆందోళన వల్ల ప్రపంచం ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోగొట్టుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే పది మంది పనిచేసే షాపులో ఒకరు, యాభై మంది ఉన్న ఫ్లోర్‌లో నలుగురైదుగురు ఉండొచ్చు. వాళ్లు ఎవరో మనకు తెలియడం లేదంటే లేరని కాదు, చెప్పడం లేదని.

ఎందుకు చెప్పరు? చట్టం లేకనా? చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని ఆ చట్టంలోని 20వ సెక్షన్ అంటుంది. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. అలాంటి పోస్టు ఖాళీగా లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టులోనైనా ఉంచాలి.

ఈ సెక్షన్ నిజంగా ఎంతవరకు పనిచేస్తుందో 2021 డిసెంబర్ 17న తేలింది. 2001లో సీఆర్‌పీఎఫ్‌లో చేరిన ఒక అధికారికి 2009 నుంచి ఓసీడీ, దానితోపాటు తీవ్రమైన డిప్రెషన్ మొదలయ్యాయి. చంపడమో చావడమో అనే ఆలోచనలు తనను వదలడం లేదని అన్నాడంటూ 2010లో అతనిపై ఫిర్యాదు వెళ్లింది, క్రమశిక్షణ విచారణ మొదలైంది. కేసులు, అప్పీళ్లు ఏళ్ల తరబడి నడిచాయి. చివరకు జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ విచారణలను కొట్టేసింది. జబ్బున్న మనిషికి ఆఫీసు నియమాలు పాటించడం మిగతావాళ్లకంటే కష్టంగా ఉంటుందని, ఆ తేడాను పట్టించుకోకుండా అందరినీ ఒకే గీటురాయి మీద గీసి శిక్షిస్తే అదీ వివక్షేనని చెప్పింది. తప్పుగా ప్రవర్తించడానికి జబ్బు ఒక్కటే కారణమని ఉద్యోగి రుజువు చేయాల్సిన పనిలేదు, కారణాల్లో అదీ ఒకటైతే చాలు. పాత డ్యూటీకి పనికిరాడని తేలితే ఆయుధాలతో సంబంధం లేని పోస్టు ఇవ్వొచ్చు గానీ జీతం మాత్రం తగ్గకూడదని కూడా స్పష్టం చేసింది.

తుపాకీ పట్టుకునే ఉద్యోగంలోనే ఇది సాధ్యమైతే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో ఎందుకు కాదు? ఈ తీర్పును ఆఫీసు భాషలోకి మార్చి చూడండి. రోజూ ఆలస్యంగా రావడం, మెయిళ్లకు జవాబివ్వకపోవడం, మీటింగ్‌లో ఉన్నట్టుండి కోపం తెచ్చుకోవడం, చెప్పకుండా రెండు రోజులు మాయమవడం. హెచ్ఆర్ వాళ్లు దీన్ని 'పర్ఫార్మెన్స్ ఇష్యూ' అంటారు. మూడు నెలల 'పిప్' పెడతారు, అది పూర్తికాకముందే రాజీనామా రాయించుకుంటారు. అసలు ఆ మూడు నెలల్లో ఇతను డాక్టర్‌ను కలిశాడా, మందులు మొదలుపెట్టాడా అని అడిగేవాళ్లే ఉండరు. డిప్రెషన్ మందులు సరిగ్గా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలైనా పడుతుంది. అంటే మనిషి కోలుకునే వేళకు ఉద్యోగం చేతిలో ఉండదు.

ఇక్కడే అసలు చిక్కు. 20వ సెక్షన్ ఇచ్చే గట్టి రక్షణ ప్రభుత్వ ఉద్యోగులకే. ప్రైవేటు సంస్థలపై ఉన్న బాధ్యత పలచన. సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలని 21వ సెక్షన్ అంటుంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే అందులో ఏ సౌకర్యాలు ఇస్తారో, ఎవరిని సంప్రదించాలో వివరంగా ఉండాలి. చాలా కంపెనీల్లో ఆ కాగితం ఉంటుంది, వెబ్‌సైట్‌లో అడుగున ఎక్కడో. చదివినవాళ్లు తక్కువ. పైగా చట్టం దీర్ఘకాలిక వైకల్యాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. సదరం సర్టిఫికెట్‌గా మనకు తెలిసిన ఆ ధ్రువీకరణ, ఇప్పుడు యూడీఐడీ కార్డు, ఉంటేనే చాలా ప్రయోజనాలు దక్కుతాయి. మూడు నెలలు డిప్రెషన్‌తో బాధపడి బాగైపోయే మనిషి, నిజానికి ఇలాంటివాళ్లే ఎక్కువ, ఈ తలుపులోంచి లోపలికి రాలేడు.

గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఈ రక్షణ అంతా 'నాకు ఈ జబ్బుంది' అని చెప్పిన తర్వాతే మొదలవుతుంది. చెప్పకపోతే చట్టం లేదు, చెబితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

మన ఇళ్లలో ఆ భయం రెండింతలు. ఆఫీసులో తెలిస్తే ప్రమోషన్ పోతుంది, మొహల్లాలో తెలిస్తే ఇంట్లో అందరి రిష్తాలూ ఆగిపోతాయి. అన్నకు మందులు నడుస్తున్నాయని తెలిస్తే చెల్లెలికి సంబంధం రాదని దాచే అమ్మీలు ఎంతమంది లేరు! 'ఎర్రగడ్డ' అనే మాట హైదరాబాద్‌లో ఇంకా తిట్టే. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల అని, రోజూ వందల మంది ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని సాయంత్రానికి పనికి పోతారని ఆ తిట్టు తిట్టేవాళ్లకు తెలియదు. నజర్ తగిలిందని, ఎవరో ఏదో చేయించారని తావీజు కట్టించడంతో ఆరు నెలలు గడుస్తాయి. లేదా 'ఈమాన్ బలహీనమైంది' అని మందలింపు. దువా చేయొద్దని ఎవరూ అనరు. షుగర్ వచ్చినప్పుడు దువాతోపాటు మెట్‌ఫార్మిన్ కూడా వేసుకుంటున్నాం కదా, ఇక్కడెందుకు ఆగుతున్నాం? మనసుకు వచ్చే జబ్బుల్ని శరీరానికి వచ్చే జబ్బులతో పక్కపక్కన పెట్టి పుస్తకం రాసిన అబూ జైద్ అల్ బల్ఖీ తొమ్మిది, పదో శతాబ్దాల మనిషి. వెయ్యేళ్ల కిందటే మనవాళ్లకు తెలిసిన సంగతి ఇది.

మన కుటుంబాల్లో ఉద్యోగాలంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. బైక్ మెకానిక్ షెడ్డు, వెల్డింగ్, టైలరింగ్, బిర్యానీ హోటల్, మొబైల్ షాపు, ఫర్నిచర్ పని, ఆటో. వీటిలో చాలాచోట్ల పనిచేసేది ముగ్గురు నలుగురే. యజమాని కూడా మనవాడే. హెచ్ఆర్ లేదు, పాలసీ లేదు, సెలవు అంటే ఆ రోజు కూలి పోయినట్టే. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 26 శాతానికి పైగా రోజువారీ కూలీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. టీవీల్లో చర్చంతా కార్పొరేట్ ఒత్తిడి గురించి. ఈ అంకె గురించి మాట్లాడేవాళ్లు ఎక్కడా కనబడరు.

అయినా చిన్న షాపుల్లో ఒక మేలు ఉందని నా అభిప్రాయం. సేఠ్‌కు కారీగర్ ఇల్లు తెలుసు, వాళ్ల అబ్బా తెలుసు. కుర్రాడు నిద్రపోవడం లేదని, చేతులు వణుకుతున్నాయని పెద్ద కంపెనీ మేనేజర్ కంటే ముందు కనిపెట్టేది అతనే. కొన్నాళ్లు గ్రైండర్ మీద కాకుండా కౌంటర్‌లో కూర్చోబెట్టడానికి ఏ సర్టిఫికెట్టూ అడగడు. చట్టం 'సహేతుకమైన సర్దుబాటు' అని బరువైన మాటలో చెప్పేది ఇదే. చిక్కల్లా ఏమిటంటే, అంత దగ్గరి మనిషి కాబట్టే ఆ మాట సాయంత్రానికి చాయ్ హోటల్ దాకా వెళ్తుంది. సాయం చేసే సేఠ్ నోరు కూడా కట్టుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచే హక్కునిచ్చింది. ఆ కట్టుబాటు ప్రధానంగా వైద్యం చేసేవాళ్ల మీదే. షాపులో, ఆఫీసులో గుట్టు కాపాడేది మాత్రం మనిషి మర్యాదే.

గల్ఫ్ సంగతి వేరు. జగిత్యాల, నిజామాబాద్, పాతబస్తీ, రాయచోటి నుంచి వెళ్లినవాళ్లకు ఉద్యోగం, వీసా, ఉండే గది మూడూ ఒకరి చేతిలోనే ఉంటాయి. తల బాగోలేదంటే తిరిగి పంపించేస్తారన్న భయంతో నోరు మూసుకుంటారు, ఇంటికి ఫోన్ చేసి 'బాగున్నా' అంటారు. యూఏఈలో మాత్రం 2024 మే నుంచి కొత్త మానసిక ఆరోగ్య చట్టం అమల్లో ఉంది. ప్రత్యేక వైద్య కమిటీ నివేదిక లేకుండా మానసిక అనారోగ్యం పేరుతో ఉద్యోగంలోంచి తీసేయకూడదని అది చెబుతోంది. లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్లకు ఈ మాట ఎంతవరకు చేరిందన్నది వేరే ప్రశ్న. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు మన ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. పాస్‌పోర్టు, జీతం గొడవలకే కాదు, ఇలాంటి బాధలకూ అక్కడ ఫోన్ చేయొచ్చు.

మళ్లీ మన ఊరి ఆఫీసులకు వద్దాం. కంపెనీలు ఏమీ చేయడం లేదని అనలేం. అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం వస్తే వెల్‌నెస్ వీక్, ఒక గంట యోగా, ఒక యాప్ సబ్‌స్క్రిప్షన్. తర్వాత మళ్లీ అదే పన్నెండు గంటల టార్గెట్. పుణెలో ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ 2024 జూలైలో చనిపోతే, తల్లి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. ఆరు నెలలు గడిచేలోపే ఎల్‌అండ్‌టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ వారానికి 90 గంటలు పనిచేయించాలని ఉందన్నారు. అదే నెలాఖరున కేంద్ర ఆర్థిక సర్వే, వారానికి 60 గంటలు దాటి పనిచేస్తే ఆరోగ్యానికి చేటని రాసింది. 2025లోనే రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు 10 గంటల పనికి దారి తెరిచాయి. తెలంగాణ ఉత్తర్వులో వారానికి 48 గంటల పరిమితి ఉంది, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. కాగితం మీద బాగానే ఉంది. లెక్క రాసేది ఎవరన్నదే ప్రశ్న.

ఇక కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. భద్రత, ఆరోగ్యం గురించిన కోడ్‌లో వృత్తివ్యాధుల జాబితా ఉంది. సీసం విషం, సిలికోసిస్, శబ్దం వల్ల చెవుడు లాంటివన్నీ ఉన్నాయి. పని వల్ల మనసుకు వచ్చే జబ్బు ఒక్కటీ లేదు. నన్నడిగితే ముందు మారాల్సింది ఇది. ఎందుకంటే జాబితాలో పేరుంటేనే యజమాని దాన్ని తన ఖర్చుగా చూస్తాడు. లేకపోతే అది ఉద్యోగి ఇంటి సమస్యగానే మిగిలిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పనిభారం, షిఫ్టులు లాంటి పని పరిస్థితుల్ని సరిచేయమనే చెబుతాయి. తర్వాత మేనేజర్లకు శిక్షణ. ఇందులో పెద్ద ఖర్చేం లేదు. మందుల వల్ల పొద్దున మత్తుగా ఉంటే తొమ్మిదింటి షిఫ్టును పదకొండుకు మార్చడం. ఏకాగ్రత కుదరనివాళ్లకు నోటిమాటగా కాకుండా పనిని రాసివ్వడం. వారానికోసారి కౌన్సెలింగ్‌కు వెళ్లే గంటకు సెలవు కోయకపోవడం. బైపోలార్ జబ్బున్నవాళ్లకు రాత్రి షిఫ్టు వేయకపోవడం, ఎందుకంటే నిద్ర చెడితే ఆ జబ్బు తిరగబెడుతుంది. నెల రోజుల సెలవు తర్వాత వచ్చినవాళ్లను మొదటి రెండు వారాలు సగం పూటే పనిచేయనివ్వడం. వీటిలో చాలావాటికి మేనేజర్‌కు జబ్బు పేరు తెలియాల్సిన అవసరమే లేదు.

అందుకే డాక్టర్ దగ్గర తీసుకునే ఉత్తరం ఎలా ఉండాలన్నది ముఖ్యం. 'చికిత్సలో ఉన్నారు, ఎనిమిది వారాలు రాత్రి షిఫ్టు వద్దు, నెలకు రెండుసార్లు ఆసుపత్రికి రావాలి' అని రాసిస్తే మేనేజర్‌కు సరిపోతుంది. జబ్బు పేరు రాయడం వైకల్యం కింద హక్కులు అడిగేటప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేటప్పుడు అవసరమవుతుంది. అప్పుడు కూడా మెయిల్ మీద రాసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాటగా చెప్పింది రేపు పనికిరాదు. ప్రైవేటు కంపెనీ వివక్ష చూపిస్తే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

నెల జీతం 21 వేలలోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్లకు చాలామందికి తెలియని దారి ఒకటుంది. షాపింగ్ మాల్ సిబ్బంది, సెక్యూరిటీ గార్డులు, ఆసుపత్రి హౌస్‌కీపింగ్ వాళ్లు, ఫ్యాక్టరీ కార్మికులు ఇందులోకి వస్తారు. డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భత్యంగా వస్తుంది. సైకోసిస్ లాంటి తీవ్రమైన జబ్బయితే, రెండేళ్ల సర్వీసు లాంటి షరతులు సరిపోతే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. మామూలు డిప్రెషన్ ఆ రెండో జాబితాలోకి రాదు. అయినా 91 రోజులు తక్కువేం కాదు, మందులు పట్టు దొరికించుకోవడానికి సరిపోయే కాలం. కూలి పోతుందని ఆసుపత్రికి పోనివాళ్లకు ముందు చెప్పాల్సింది ఇదే.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలోనూ అంతే. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని 2017 చట్టం చెప్పింది. 2022 అక్టోబర్ 31లోగా అన్ని పాలసీలూ అలా మారాలని బీమా నియంత్రణ సంస్థ గడువు పెట్టింది. మెలిక ఎక్కడంటే, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి. మానసిక చికిత్స ఎక్కువగా ఓపీలోనే జరుగుతుంది. కంపెనీ పాలసీలో ఓపీ ఉందో లేదో చేరినప్పుడే చూసుకోవాలి.

కుటుంబానికి ఒక మాట. అబ్బాయి 'నాకిక చేతకావడం లేదు, ఉద్యోగం వదిలేస్తా' అంటే ఆ రోజే రాజీనామా రాయనివ్వకండి. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి భవిష్యత్తు అంతా చీకటిగానే కనబడుతుంది, అప్పుడు తీసుకున్న నిర్ణయం జబ్బు తీసుకున్న నిర్ణయమే. ముందు సెలవు, తర్వాత డాక్టర్, ఆ తర్వాతే మిగతా ఆలోచన. అలాగని 'అందరూ చేయడం లేదా, సబర్ చేయి' అని మర్నాడు పొద్దున్నే బస్సెక్కించడమూ తగదు. ఎవరికి చెప్పాలో తెలియకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పోలీసు కేసు అవుతుందేమోనని ఆగకండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ అంటుంది.

రంజాన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మందులు వాడే ఉద్యోగులు ఈ నెలలో రెండు రకాలుగా ఇబ్బంది పడతారు. మందుల వేళలు సెహ్రీకి, ఇఫ్తార్‌కు మారిపోతాయి, నిద్ర ముక్కలవుతుంది. బైపోలార్‌కు లిథియం వాడేవాళ్లు పగలంతా నీళ్లు తాగకపోతే రక్తంలో ఆ మందు స్థాయి పెరిగి ప్రమాదం కావచ్చు. కాబట్టి నెల మొదలవడానికి రెండు మూడు వారాల ముందే డాక్టర్‌ను కలిసి రోజా ఉండొచ్చో లేదో, మోతాదు ఎలా మార్చాలో అడగాలి. సొంతంగా మాత్ర మానేయకూడదు. షాపు నడిపే మన సేఠ్‌లు రంజాన్‌కు రాత్రి పనివేళలు ఎలాగూ వేస్తారు. ఆ జాబితా రాసేటప్పుడు తెల్లవారుజాము దాకా ఉండే డ్యూటీ ఎవరికి వద్దో ముందే అడిగితే, ఆ కుర్రాడు కారణం చెప్పాల్సిన పనే ఉండదు.